కారు ముక్కు

మనిషికి ముక్కు ముఖాన వుంటుంది. కారుకు తోకలో వుంటుంది. ఈ మాట వేళాకోళానికి అంటున్నది కాదు. ఇంజన్ పొగ వదిలే గొట్టంలో బొటనవేలంత లోహపు ముక్క ఒకటి బిగించి వుంటుంది. పోయే పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో అది వాసన చూసి చెబుతుంది. దాని పేరు ఆక్సిజన్ సెన్సర్. అటువంటి ముక్కును మా పాత ఎస్టీమ్ కారుకు పెట్టించి, ఆ ముక్కు చెప్పే మాటను ఇంజన్ కంప్యూటరు చెవిన వేయటానికి మేము పడ్డ పాట్లు నాలుగు మాటల్లో చెబుతాము. ఇంట్లో ఇంజనీరింగు చదివే పిల్లలున్నవారికి పనికివస్తుంది. లేనివారికి కాలక్షేపమయినా అవుతుంది.

మేము కోయంబత్తూరు వాళ్ళం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, పుస్తకంలో ఇంగ్లీషు. మన సంఘంలో చాలామంది సంగతి ఇదే గదా. ఈ ఊరికి యంత్రాల పిచ్చి మొదటి నుంచీ వుంది. 1920లో ఒక్క బస్సుతో పొల్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టిన జి.డి. నాయుడుగారు ఈ జిల్లావారే. ఫార్ములా మారుతి పందెపు కార్లు తయారుచేసి, 1995లో విమాన ప్రమాదంలో పోయిన కరివర్ధన్‌గారు ఈ ఊరివారే. ఆయన పేరిట 2003లో చెట్టిపాళయం దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే అనే పందెపు దారి వెలిసింది. చుట్టు 2.1 కిలోమీటర్లు. మా బండి తిరిగేది ఆ దారి మీదనే. రోడ్డు మీద దాన్ని తిప్పము. లారీ మీద ఎక్కించుకుపోయి, లారీ మీద తెచ్చుకుంటాము.

మా అన్నదమ్ములిద్దరికీ గురువు మా చిన్నాయన. నలభై ఏళ్ళు గాంధీపురంలో షెడ్డు నడిపిన మనిషి. ఇప్పుడు డెబ్బై తొమ్మిది నిండాయి. కార్బురేటరు కాలంలో ఆయన మీటరు పట్టి ఎరుగడు. ఇంజన్ చప్పుడు విని స్క్రూ పావు తిప్పు తిప్పేవాడు. తరువాత ప్లగ్గులు విప్పి రంగు చూసేవాడు. నల్లగా మసి పట్టి వుంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా సున్నంలా వుంటే గాలి ఎక్కువ. లేత కాఫీరంగులో వుంటే బండి తీసుకుపొమ్మనేవాడు.

కుంపటి విసిరిన చేతులకు ఇందులో కొత్త ఏమీ లేదు. గాలి చాలకపోతే పొగా మసీ. సరిపడా అందితే మంచి నిప్పు. ఇంజన్‌లో ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. బండి పూర్తి బలంతో లాగేటప్పుడు మాత్రం పెట్రోలు కొంచెం ఎక్కువ పోయాలి. పన్నెండున్నర, పదమూడు కిలోల గాలికి ఒక కిలో లెక్కన. ఆ ఎక్కువ పెట్రోలు లోపలి వేడిని కొంత తగ్గిస్తుంది. అదే సమయంలో పెట్రోలు తక్కువయితే వేడి పెరుగుతుంది, ఇంజన్ లోపల సుత్తితో కొట్టినట్టు చప్పుడు పుడుతుంది, పిస్టన్ నెత్తి కరిగిపోవచ్చు.

మాకు ఆ అనుభవం వుంది. మూడేళ్ళ కిందట, కరిలో, తిన్నని దారి మీద పూర్తి వేగంలో వుండగా మా పెట్రోలు పంపు బలహీనపడింది. కావలసినంత పెట్రోలు అందక మూడవ పిస్టన్‌కు బెజ్జం పడింది. బండి తిప్పుకుంటూ గడ్డిలోకి పోయి ఆగింది. నడుపుతున్నది మాలో చిన్నవాడు, దెబ్బలేమీ తగలలేదు. చిన్నాయన గోడ దగ్గర కుర్చీలో కూర్చుని అంతా చూశాడు. ఆ వేళ ఏమీ అనలేదు. తరువాత మాలో పెద్దవాడి కూతురు, ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివిన పిల్ల, బండి తాను నడుపుతానన్నప్పుడు ఆయన ఒకే ఒక మాట అన్నాడు.

“లోపల పెట్రోలు తగ్గితే బండి తనంతట తానే తెలుసుకోవాలి. ఆ ఏర్పాటు చేసిన తరువాతనే పిల్ల ఎక్కాలి. లేకపోతే బండిని పాతసామాన్లవాడికి వేసెయ్యండి.”

మా బండికి పాత ముక్కు లేకపోలేదు. ఆక్సిజన్ సెన్సర్‌ను జర్మనీలోని బాష్ కంపెనీవారు తయారుచేయగా, 1976లో మొట్టమొదట వోల్వో కార్లలో పెట్టారు. అయితే ఆ పాతరకం ముక్కు, కూరలో ఉప్పు చాలలేదనో ఎక్కువయిందనో చెప్పి, ఎంతో చెప్పని మనిషివంటిది. గాలి ఎక్కువయితే 0.1 వోల్టు, పెట్రోలు ఎక్కువయితే 0.8, 0.9 వోల్టులు ఇస్తుంది. సరిగ్గా 14.7 దగ్గర ఇటునుంచి అటు గెంతుతుంది. పన్నెండున్నరకూ పదమూడున్నరకూ తేడా దానిచేత చెప్పించటం కష్టం. ఇంజన్ బ్రతుకూ చావూ తేలేది ఆ తేడాలోనే.

కొత్తరకం ముక్కు ఆ తరువాత వచ్చింది. దీన్ని వైడ్‌బ్యాండ్ సెన్సర్ అంటారు. దీని పని మా అమ్మాయి చెప్పిన ఉపమానంతో మాకు తేలికగా బోధపడింది. బావిలో ఊట ఎంత వుందో తెలియాలంటే ఏం చేస్తాము? నీటిమట్టం కదలకుండా వుండేటట్టు తోడుతూ, ఎన్ని బాల్చీలు తోడామో లెక్కపెట్టుకుంటాము. సెన్సర్‌లోనూ అటువంటి చిన్న గది ఒకటి వుంది; పొగ అందులోకి సన్నని సందుగుండా వస్తుంది. జిర్కోనియా అనే పింగాణీవంటి పదార్థంతో చేసిన రెండు పలకలు దానికి గోడలు. ఒక గోడ గదిలో ఆక్సిజన్ మట్టం చూస్తూ వుంటుంది. 1920 సంవత్సరపు నోబెల్ బహుమతి పొందిన నెర్న్‌స్ట్‌గారి పేరు మీద దానిని నెర్న్‌స్ట్ సెల్ అంటారు. రెండవ గోడలో కరెంటు ఒకవైపు పారిస్తే ఆక్సిజన్ బయటికి పోతుంది. తిరగవేసి పారిస్తే లోపలికి వస్తుంది. మొదటి గోడ ఎప్పుడూ 0.45 వోల్టు చూపేటట్టు రెండవ గోడతో తోడించాలి. ఎంత కరెంటు పట్టిందో అదే కొలత.

తోడించేవాడు, లెక్కపెట్టేవాడు వేరే వుంటాడు. అరచేతిలో పట్టే నల్లని పెట్టె, కంట్రోలరు అంటారు. సెన్సర్ మాట్లాడేది కరెంటు భాష. ఇంజన్ కంప్యూటరుకు వచ్చినది వోల్టుల భాష. మధ్యన ఈ పెట్టె దుబాసీ. చెన్నపట్నం దుబాసీల కథలు విన్న మనకు ఈ ఉద్యోగం కొత్తది కాదు. మా దుబాసీ లెక్క ఇది: పది అంటే 0 వోల్టు, ఇరవై అంటే 5 వోల్టులు, మధ్యన సమంగా. అనగా పద్నాలుగు అని చెప్పాలంటే 2 వోల్టులు పంపిస్తాడు. ఇంకో వైరు మీద అదే సంగతిని ఒక చిన్న గడియారానికి అంకెగా పంపిస్తాడు. దానిని నడిపేవారి ఎదుట పెట్టాము.

పని మొదలుపెట్టాము. సెన్సర్ బిగించటానికి గొట్టానికి బెజ్జం వేసి మరబొడిపె వెల్డింగు చేయించాము. అది పడుకున్నట్టు వుండకూడదు. పొగలో నీటితేమ వుంటుంది గనుక, నీరు సెన్సర్ మీద నిలవకుండా కనీసం పది డిగ్రీలయినా పైకి లేచి వుండాలి. దాని లోపలి హీటరు పింగాణీని సుమారు 780 డిగ్రీల వేడికి తెస్తుంది. అంత వేడి మీద చల్లని నీటిబొట్టు పడితే, పొయ్యిమీది జాడీ మీద నీళ్ళు చల్లినట్టే, పగులుతుంది. అందువల్ల ఇంజన్ నడిచిన తరువాతనే హీటరుకు కరెంటు పోయేటట్టు రిలే పెట్టాము. వైర్లు అయిదు, ప్లగ్గులో కాళ్ళు ఆరు. ఆ ప్లగ్గులో ఒక చిన్న రెసిస్టరు దాగి వుంటుంది. ప్రతి సెన్సర్‌కూ దాని గుణం చూసి కొలిచి వేసినది. వైరు చాలలేదని ఆ ప్లగ్గు కోసి పారేస్తే కొలత పోతుంది. పొడుగు కావాలంటే తగిన పొడిగింపు వైరు కొనుక్కోవాలి.

అన్నీ బిగించాము. బండి స్టార్టు చేశాము. గడియారం అంకె చూపింది, కంప్యూటరు తెర మీద అంకె వచ్చింది. రెండూ ఒకటి కాలేదు.

కంప్యూటరు తనంతట తాను పెట్రోలు మార్చకుండా ఆ పని ఆపించి, ఇంజన్‌ను ఒకే వేగం మీద వుంచి, అమ్మాయి కాగితం మీద రాసుకున్నది. గడియారం 14.0 దగ్గర నిలకడగా వుంది. తెర మీద 14.1. కాసేపటికి ఇంజన్ వేడెక్కి రేడియేటరు ఫ్యాన్ తిరిగింది, గడియారం 14.0, తెర 14.3. ఫ్యాన్ ఆగింది, మళ్ళీ 14.1. అమ్మాయికి అనుమానం వచ్చి, ఫ్యాన్ తిరిగేటప్పుడు హెడ్‌లైట్లు కూడా వేసింది, తెర 14.5కు పోయింది. లైటు వేస్తే పొగ వాసన మారుతుందా!

చిన్నాయన కర్ర ఆనించుకుని చూస్తూ, “ఒకే నోటితో రెండు మాటలు. ఎవరి మాట నమ్మి పిల్లను ఎక్కించమంటారు?” అన్నాడు.

ఆ సాయంత్రం వచ్చిన మిత్రుడొకడు ఈ విద్యలో చేయి తిరిగినవాడే. తెర చూసి, ఇది పెద్ద చిక్కు కాదన్నాడు. “ఫ్యాన్ తిరిగేటప్పుడు 0.3 ఎక్కువ చూపిస్తోంది. కంప్యూటరులో ఆ 0.3 తీసివేత లెక్క వేసెయ్యండి. రెండు నిమిషాల పని” అన్నాడు. అప్పటికి చీకటిపడింది. మరునాడు ఉదయం కరిలో బండి దింపటానికి డబ్బు కట్టి వున్నాము. లారీ కుదుర్చుకుని వున్నాము. రెండు నిమిషాల పని అంటే ఎవరికి మనసు లాగదు?

మా అమ్మాయి ఒప్పుకోలేదు. కాగితం మీద లెక్క వేసి చూపింది. బండి పూర్తి వేగంలో పోయేటప్పుడు ఎదురుగాలికే రేడియేటరు చల్లబడుతుంది, ఫ్యాన్ ఆగిపోతుంది. అప్పుడు తెర నిజానికి 0.1 మాత్రమే ఎక్కువ చూపుతుంది. మనం 0.3 తీసివేస్తే 0.2 తక్కువ చూపినట్టవుతుంది. ఇంజన్‌కు 12.6 కావాలని వుంటే, నిజంగా 12.6 వున్నప్పుడు కంప్యూటరు 12.4 అనుకుంటుంది, పెట్రోలు ఎక్కువయిందని తగ్గిస్తుంది. బండి నిలిచి వున్నప్పుడు లెక్క సరిగ్గా వుంటుంది. పిస్టన్ ప్రాణం మీద వున్నప్పుడు తప్పుతుంది.

“0.2 తోనే పిస్టన్ కరగదులే” అన్నాడు మిత్రుడు. అది నిజమే.

“ఈ పూట 0.2. ఎందుకు తప్పుతోందో తెలియనప్పుడు రేపు ఎంతో నీకేం తెలుసు?” అన్నాడు చిన్నాయన. లారీని వద్దని చెప్పాము. కట్టిన డబ్బు పోయింది.

ఇంతకూ లైటు వేస్తే అంకె ఎందుకు మారింది? ఇది చెప్పటానికి మా ఇంటి కథ ఒకటి చెప్పాలి. మాలో పెద్దవాడి పెళ్ళయిన కొత్తల్లో బెజవాడ చుట్టాలు ఫోను చేసి కోడలిని పిలవమన్నారు. మా అమ్మ, “అది ఇప్పుడే నీళ్ళు పోసుకున్నది, కాసేపాగి మాట్లాడుతుంది” అన్నది. మా వైపు నీళ్ళు పోసుకోవటమంటే స్నానం చేయటం. వాళ్ళ వైపు గర్భం ధరించటం. రాత్రికల్లా నాలుగు ఊళ్ళనుంచి శుభాకాంక్షలు! మా అమ్మ అబద్ధం చెప్పలేదు. వాళ్ళకు వినికిడి లోపమూ లేదు. మాట పుట్టిన నేల వేరు, చేరిన నేల వేరు.

వోల్టుల సంగతీ ఇంతే. 2 వోల్టులు అంటే, ఎర్తు కంటే 2 వోల్టులు ఎత్తున అని అర్థం. ఎవరి ఎర్తు కంటే? దుబాసీ తన ఎర్తునుంచి కొలిచి చెబుతాడు. కంప్యూటరు తన ఎర్తునుంచి కొలిచి వింటుంది. మా బండిలో కంప్యూటరు ఎర్తు ఇంజన్ మీద వుంది. దుబాసీ పెట్టెకు ఎర్తు, దాని తయారీదారు కాగితంలో చెప్పినట్టే, బండి బాడీ మీద ఇచ్చాము. బాడీకీ ఇంజన్‌కూ మధ్య కరెంటు పోయే దారి ఒక అల్లిక పట్టీ. ఫ్యాన్, లైట్లు, పెట్రోలు పంపు వాడుకున్న కరెంటంతా బాడీలోకి వచ్చి, ఆ పట్టీ మీదుగా ఇంజన్ మీది ఆల్టర్నేటరుకు తిరిగిపోవాలి. పట్టీ మంచిదయితే రెండు ఎర్తులూ ఒకటే. పట్టీలో అడ్డం వుంటే, కరెంటు పోయినకొద్దీ బాడీ ఇంజన్ కంటే ఎత్తు అవుతుంది. ఎత్తున నిలబడినవాడి మాట ఎత్తుగానే వినబడుతుంది.

మరునాడు చిన్నాయన చెప్పిన పరీక్ష చాలా చిన్నది. “మీటరు ఒక ముల్లు ఇంజన్ మీద, ఒక ముల్లు బాడీ మీద పెట్టండి. బండి నడుస్తూ వుండగా చూడండి” అన్నాడు. పంపు ఒక్కటే పనిచేసేటప్పుడు 0.05 వోల్టు. ఫ్యాన్ తిరిగితే 0.15. లైట్లు కూడా వేస్తే 0.25. దుబాసీ లెక్కలో ఒక వోల్టుకు రెండు అంకెలు గనుక, ఇవి 0.1, 0.3, 0.5 అవుతాయి. రాత్రి అమ్మాయి రాసుకున్న కాగితంతో అంకెకు అంకె సరిపోయింది. ఆమె కాగితం తెచ్చి చిన్నతాత చేతికి ఇచ్చింది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివాడు.

పట్టీ విప్పితే బోల్టు కింద తుప్పు, అల్లికలో సగం తీగలు పచ్చగా కిలుంపట్టి వున్నాయి. పాతికేళ్ళ బండి, ఎవరి తప్పని అంటాము? లోహం మెరిసేదాకా గీకి, లావుపాటి కొత్త పట్టీలు రెండు వేశాము. దుబాసీ ఎర్తును బాడీ మీదనుంచి తీసి, కంప్యూటరు ఎర్తు వున్న చోటనే ఇంజన్ మీద బిగించాము. హీటరు కరెంటుకు ఒక వైరు, మాట పోయే వైరుకు వేరే ఎర్తు. కొన్ని కంట్రోలర్లలో ఇవి రెండూ విడివిడిగా వుంటాయి. కొన్నింటిలో కలిసే వుంటాయి. కొనేముందు చూసుకోవటం మంచిది. మాట పోయే వైరును ప్లగ్గుల వైర్లకు దూరంగా లాగాము. ఈ బాధ లేకుండా అంకెను అంకెగానే పంపే క్యాన్ అనే పద్ధతి ఒకటి వుంది; 1986లో బాష్ వారే తెచ్చారు. ఎర్తులో కొద్దిపాటి తేడాకు ఆ అంకె మారదు. మా కంప్యూటరుకు ఆ సదుపాయం లేదు.

తరువాత ఫ్యాన్ తిరిగినా, లైట్లు వేసినా గడియారం, తెర ఒకే అంకె చూపాయి. ఇక ఆఖరు ఏర్పాటు: పూర్తి వేగంలో అంకె 13.5 దాటి కొద్ది క్షణాలు నిలిస్తే కంప్యూటరు ఇంజన్ బలం తానే తగ్గించేస్తుంది. మూడేళ్ళ కిందట ఈ కాపలా వుంటే ఆ పిస్టన్ దక్కేది.

ఇప్పటి పెట్రోలు సంగతి కూడా ఒక మాట. 2023నుంచి మన బంకుల్లోకి నూటికి ఇరవై పాళ్ళు ఎథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. దానికి 14.7 కిలోల గాలి అక్కరలేదు, సుమారు పదమూడున్నర చాలు. సెన్సర్ నిజానికి చూసేది కావలసినదానికి ఎంత ఎక్కువ, ఎంత తక్కువ అన్నది మాత్రమే. దానిని లామ్డా అంటారు. సరిగ్గా వుంటే 1. గడియారం దానిని 14.7 పెట్టి హెచ్చవేసి మనకు చూపుతుంది. కనుక ఇందాకటి అంకెలన్నీ ఆ హెచ్చవేతతో వచ్చినవే. పెట్రోలు మారినా లామ్డా అర్థం మారదు గనుక మా అమ్మాయి తెరను లామ్డాకు మార్చేసింది. 12.6 అన్నచోట ఇప్పుడు 0.86 అని వుంటుంది.

మరుసటి నెలలో బండి కరిలో దిగింది. అమ్మాయి పన్నెండు చుట్లు తిరిగింది. మేము తెర చూడలేము, అది బండిలో వుంది. గోడ దగ్గర నిలబడి చప్పుడు వింటూ వున్నాము. చిన్నాయన మా మధ్య కుర్చీలో. తిన్నని దారి మీద బండి పూర్తి గొంతుతో పోయిన ప్రతిసారీ ఆయన చేయి కర్రమీద బిగుసుకోవటం కనబడింది. తిరిగి వచ్చి రాసివున్న లెక్క తీసి చూస్తే, పూర్తి వేగంలో ఎక్కడా 0.87 దాటలేదు.

ఆయన అంతటితో ఊరుకోలేదు. నాలుగు ప్లగ్గులూ విప్పించాడు. మాకు మొదట ముసలితనపు చాదస్తమనిపించింది. “మీ ముక్కు ఒక్కటి, సిలిండర్లు నాలుగు. నాలుగింటి పొగా కలిసిన తరువాత అది చూస్తుంది. ఒకటి పస్తుండి, ఇంకొకటి రెండింతలు తింటే మీ లెక్కకు తెలుస్తుందా అమ్మణీ?” అన్నాడు. తెలియదు. సగటు మాత్రమే తెలుస్తుంది. ప్లగ్గు ఒకటి మండకపోతే ఆ కాలని ఆక్సిజన్ కూడా పొగలో పోయి, పెట్రోలు తక్కువయినట్టు చూపిస్తుంది. గొట్టంలో చిల్లి వుండి బయటిగాలి చేరినా అంతే. 2000 ఫిబ్రవరిలో సీసం కలిపిన పెట్రోలు పోయిన దగ్గరనుంచి ప్లగ్గు రంగు మునుపటిలా తేటగా చెప్పదని ఆయనే ఒప్పుకుంటాడు. అయినా నాలుగూ ఒకలా వున్నాయా లేదా అన్నది కంటికి తెలుస్తుంది. నాలుగూ ఒకలాగే వున్నాయి.

చిన్నాయన ప్లగ్గులు అమ్మాయి చేతిలో పెట్టి, “మళ్ళీ బిగించు. నువ్వే బిగించు” అన్నాడు. ఆ చేతికి ఆయన షెడ్డులో పనిముట్టు ఇవ్వటం అదే మొదటిసారి.

మీ ఇంట్లో కుర్రవాళ్ళు, అమ్మాయిలు ఇటువంటి పని తలపెడితే ఆపవద్దు. రోడ్డు మీద తిరిగే బండి అయితే మాత్రం మార్పులు చేసేముందు రిజిస్ట్రేషన్ నిబంధనలు చూసుకోమనండి. తెర మీద రెండు అంకెలు రెండు రకాలుగా వుంటే, అంకె దిద్దేముందు రెండు ఎర్తుల మధ్య మీటరు పెట్టి చూడమనండి. మేము ఏటా ఆయుధపూజకు ముందు ఎర్తు పట్టీలు విప్పి, గీకి, బిగించి, ఆ మీటరు అంకెను గోడమీది క్యాలెండరులో రాసి పెడుతున్నాము.